కుప్పం జాతరలో మునివేళ్ళ మీద

నేను బెంగుళూరులో కంప్యూటర్లు నేర్చుకుంటున్నానని మా నాయన మదనపల్లె టమోటా మండీలో అందరికీ చెప్పిపెట్టాడు. ఎవరైనా ఇంకాస్త లోతుగా అడిగితే ఆ రోజు టమోటా ధర ఎత్తుకునేవాడు. నిజానికి నేను కంప్యూటరు మీద చెయ్యి కూడా వేసి ఎరగను. నేను చేస్తున్నది బ్యాలే.

ఇది నాకు అంటించింది మా వీధి చివర ఉండే ముసలి దొరసాని. ఆసుపత్రిలో నర్సుగా చేసి, రిటైరయ్యాక చల్లటి ఊరని మదనపల్లెలోనే ఉండిపోయింది. చిన్నప్పుడు వాళ్ళ దేశంలో బ్యాలే నేర్చుకుందట. తొంభైల్లో, నేను బడికి పోయే రోజుల్లో, సాయంత్రాలు వీధిలోని ఆడపిల్లల్ని వరండాలోకి పిలిచి, కమ్మీ పట్టుకుని నిలబడటం నేర్పేది. బిస్కెట్ల కోసం పోయినవాళ్ళు బిస్కెట్లు తిని వచ్చేశారు. నేను మిగిలాను. మడమలెత్తి మునివేళ్ళ మీద లేస్తే వీధంతా జానెడు కిందికి దిగినట్టుండేది. ఆ జానెడంటే నాకు పిచ్చి. నా మొండితనం చూసి ఆమె కూడా నన్ను వదల్లేదు. కాలేజీ చదువు అయ్యేదాకా నేర్పి, బెంగుళూరులో ఒక మాస్టరుకు అప్పజెప్పింది. ఆయన ట్రూపులో జీతమిచ్చి ఆడిస్తారు.

నాయన ఒకసారి రిహార్సల్ చూడటానికి వచ్చాడు. నాతో ఆడే కుర్రాడు నన్ను నడుం పట్టి తలపైకి ఎత్తాడు. నాయన లేచి బయటికి పోయాడు. వెతుక్కుంటూ పోతే బస్టాపులో కూర్చుని ఉన్నాడు.

"వాడు నిన్ను బియ్యం మూట మాదిరి ఎత్తతాండాడే!"

"అది డ్యాన్సు నాయనా."

"బెంగుళూరోళ్ళు ఏదైనా సూస్తారు. మనోళ్ళ ముందర ఆడు సూద్దాం. జనం కూర్సోని సూస్తే నీ ఇష్టం. లేసిపోయినారంటే ఇంటికొచ్చి బీఈడీలో సేరు. ఇంగ నోరెత్తకూడదు."

నాకు ఒళ్ళు మండింది. సరే అనేశాను.

కుప్పంలో మా మేనమామ జాతర కమిటీలో ఉండేవాడు. ఏటా అక్కడ వీధినాటకం ఆడిస్తారు, మైకు పట్టేది ఆయనే. నా గొడవంతా విని, నాటకానికి ముందు, పొద్దుగూకే వేళ మాకు కాసేపు స్టేజీ ఇప్పించాడు. ట్రూపు బెంగుళూరు నుంచి రైల్లో వచ్చింది. నేను మదనపల్లెలో అమ్మానాయనలతో బస్సెక్కాను. నాయన ముందు సీట్లో కూర్చుని, దారి పొడుగునా వెనక్కి తిరగలేదు. అమ్మ మాత్రం నేను మునివేళ్ళ మీద లేవడానికి వేసుకునే గట్టి ముక్కుల బూట్లు ఒళ్ళో పెట్టుకుని, వాటి కొసల్ని జారకుండా పట్టుదారంతో దట్టంగా కుట్టుకుంటూ వచ్చింది. పుంగనూరు దాటుతుంటే, అక్కడ మా మేనత్త ఇంటి ముందు చిన్నప్పుడు చూసిన నాటకాలు గుర్తొచ్చాయి. మా పక్క నాటకాల్లో చదివింపులుంటాయి. వేషం నచ్చినవాళ్ళు ఆట మధ్యలోనే లేచి, తువ్వాలో చీరో మైకాయన చేతికిస్తారు. ఆయన ఆట ఆపించి, ఫలానా ఊరి ఫలానావారి చదివింపు అని గట్టిగా చదువుతాడు. అది అయ్యేదాకా వేషగాడు ఉన్నచోటు నుంచి కదలకూడదు. కదిలితే ఇచ్చినవాళ్ళని చులకన చేసినట్టు. ఈ సంగతి బెంగుళూరు వాళ్ళకు చెప్పాలని నాకు తట్టనే లేదు. మాకు చదివింపులొస్తాయని ఎవరు కలగన్నారు?

స్టేజీ అంటే డ్రమ్ముల మీద పరిచిన పలకలు. కాలు వేస్తే కిర్రుమంటున్నాయి. క్యాసెట్టులో సంగీతం మొదలయ్యింది. ఆ కుర్రాడు నన్ను ఎత్తగానే జనంలో ఈలలు, నవ్వులు. "ఏందప్పా ఇది, పాటా లేదు, మాటా లేదు!" అని ఎవరో అరిచారు. వెనక వరసల్లో మగవాళ్ళు తువ్వాళ్ళు దులుపుకుని లేస్తున్నారు. చెరుకురసం బండి పక్కన నాయన నిలబడే ఉన్నాడు, కూర్చోలేదు. బీఈడీ కాలేజీ నా కళ్ళముందు కనబడింది.

అప్పుడు నేను ఒంటరిగా ఆడే ఘట్టం వచ్చింది. పాదాలు రెండూ దగ్గరికి చేర్చి, బూట్ల కొసల మీద లేచి, చేతులు తలపైకి ఎత్తాను. ముందు వరసలోంచి ఒక పెద్దామె లేచింది. ఈమె కూడా పోతోంది అనుకున్నాను. పోలేదు. స్టేజీ దగ్గరకొచ్చి, సంచిలోంచి ఒక రవికె గుడ్డ తీసి మామ చేతికిచ్చింది. మామ అలవాటు కొద్దీ చెయ్యి ఊపి క్యాసెట్టు ఆపించాడు. కార్యక్రమం అయిపోయిందనుకుని, స్టేజీ మీదే ఓ పక్కకు జరిగి నిలబడ్డ నాతో ఆడే కుర్రాడు జనానికి వంగి దండం పెట్టి లోపలికి పోయాడు. నేను కదల్లేదు. మడమలు కిందికి దించనూ లేదు.

రామసముద్రం నుంచి వచ్చిన అమ్మగారి చదివింపు అని మామ చదివాడు. జనం అది వినలేదు, నా కాళ్ళనే చూస్తున్నారు.

"ఇంగా దిగలేదు సూడప్పా!"

"యాడ నిలబడుకోనుండాదో సూడు, గోళ్ళ మీద!"

లేచినవాళ్ళు కూర్చున్నారు. ఇంకో చదివింపు వచ్చింది, దాని వెనకే మరొకటి. నేనెప్పుడు పడతానో చూడటానికే ఇస్తున్నారని తెలుస్తూనే ఉంది. పడనుగాక పడను అనుకున్నాను. పిక్కలు మండిపోతున్నాయి. పక్కనుంచి మాస్టరు దిగమని సైగలు చేస్తున్నాడు. ఆయనకేం తెలుసు మా మర్యాదలు! ఊరంతా నోళ్ళు తెరుచుకుని నా వంక చూస్తుంటే, ఆ నొప్పిలోనే నాకు పట్టరానంత సంతోషం కలిగింది. అంత సంతోషం ఆ తర్వాత పెద్ద పెద్ద హాళ్ళలో ఆడినా నాకు దొరకలేదు.

ఇంతలో చెరుకురసం బండి దగ్గర నాయన కనబడలేదు. చూస్తే జనంలోంచి తోసుకుంటూ వస్తున్నాడు. భుజం మీది కొత్త కండువా తీసి మామ చేతికిచ్చాడు. మామ మైకుకు చెయ్యి అడ్డం పెట్టాడు కానీ మాటలు నాకు వినబడుతూనే ఉన్నాయి.

"ఏమని సదవమంటావు బావా? మదనపల్లోళ్ళు శానామంది వచ్చుండారు. వద్దంటే పేరు సదవనులే."

నాయన జనం వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు.

"ఆ ఆడే పాప నాయన అని సదువు."

మామ మైకు మీంచి చెయ్యి తీశాడు. నాయన స్టేజీ అంచు పట్టుకుని, తల పైకెత్తి, "ఇంగ దిగమ్మా, కాళ్ళు నొస్తాయి" అన్నాడు.

నేను దిగలేదు. కళ్ళనీళ్ళు కారుతున్నా, మామ ఆ చదివింపు చివరిదాకా చదివేవరకూ అలాగే నిలబడ్డాను. అప్పుడు దిగి, నాయనకు చేతులు జోడించాను.