ఆకు అడుగున చూసే మనిషి

మందు కొట్టే మనిషి చిక్కుడు తోటలో అడుగు పెడితే ముందు ఆకు తిరగేస్తాడు. తుప్పు తెగులు పైన కనబడేసరికే అడుగున కాపురం పెట్టేసి ఉంటుందని అతని లెక్క. అందుకే నాజిల్ పైకి తిప్పి, వంగి, కింది నుంచి కొడతాడు. వంగీ వంగీ నడుము అలాగే ఉండిపోయింది; రోడ్డు మీద నడుస్తున్నా ఏదో పారేసుకుని వెతుకుతున్నట్టే ఉంటాడు. మాస్కు కట్టాక ఎవరితోనూ మాట్లాడడు.

ఆ రోజు మాత్రం తోట యజమానురాలు మాస్కు తీయించింది. మూడు రోజులుగా మంచు వదలడం లేదు, ఆకుల మీద గోధుమరంగు చుక్కలు లేచాయి, తెల్లారితే కోత.

"ఇవాళే కొట్టెయ్ బాబాయ్, లేకపోతే తోటంతా పోతుంది."

"కొడితే వారం దాకా కాయ ముట్టకూడదమ్మాయ్."

"వారమాగితే ముదిరి పీచైపోవూ! కాయ మీద రాసుంటుందా ఏంటి, ఎవడికి తెలుస్తుంది?"

"సరే, కొడతా. రేపు మొదటి బుట్ట మీ ఇంట్లో వండు."

"అమ్మో, మా ఇంట్లో చంటిపిల్లలున్నారు!" అనేసి ఆమె నాలుక కరుచుకుంది.

అతను వీపు మీది ఖాళీ ట్యాంకు దించి, బుట్ట తీసుకుని మొదటి సాలులో కాయలు కోయడం మొదలుపెట్టాడు. కాసేపు చూసి ఆమె రెండో సాలు అందుకుంది.

"లేతవి కూడానా?"

"అన్నీ."

మధ్యాహ్నం దాటేసరికి బుట్టలు నిండాయి. సగం కాయలు సంతలో ఎవరూ అడగనంత లేతవి. తీగల మీద ఒక్కటీ మిగల్లేదని చివరిదాకా నడిచి చూసుకున్నాకే అతను మందు కలిపాడు.