కంటి వెనక దారాలు

నలభై ఏళ్లుగా గద్వాల చీరలు నేస్తున్న నాకు పోయినేడు అంచు పోగులు మసకగా కనిపించసాగాయి. అద్దాల కోసం మా ఆవిడతో కంటి దవాఖానకు వెళ్లాను. డాక్టరమ్మ చుక్కలు వేసి, లైటు పెట్టి చాలాసేపు చూసింది.

"కంటి వెనక రక్తనాళాలు సన్నబడ్డయి. బీపీ ఉన్నట్టుంది. గుండె కూడా చూపించుకోండి."

నాకు ఒళ్లు మండింది. "అద్దాలకొస్తే గుండె అంటరేందమ్మా? రేపు మోకాలు చూసి పండ్లు పీకుతరా?" అని అరిచాను. బయట కూర్చున్నవాళ్లు నవ్వారు. వాళ్ల నవ్వుతో నేనింకా రెచ్చిపోయాను.

ఆమె నర్సుతో నా చేతికి బీపీ పట్టీ చుట్టించింది. అంకె చూసిన నర్సు కంగారుపడి, "పెద్దాయనా, జర లేవకుండ పండుకోండ్రి" అంటూ బల్లమీద పడుకోబెట్టింది. ఇందాక నవ్వినవాళ్లంతా గుమ్మంలోంచి తొంగిచూస్తున్నారు.

మా ఆవిడ అప్పుడూ వదల్లేదు. "చీర ఎట్లుందో తెల్వాలంటే ఎనకకు తిప్పి చూస్తవు గద, గిదీ గంతే. నీకొక్కనికే తెల్వి ఉందనుకున్నవా?"

ఇప్పటికీ ఎవరైనా చీరను పైవైపే చూసి మెచ్చుకుంటే నాకు నవ్వొస్తుంది. మా ఆవిడ బీపీ గోలీ, నీళ్ల గ్లాసు ముందు పెట్టగానే ఆ నవ్వు ఆగిపోతుంది.