గడ్డకట్టిన నేలకు కుట్టిన ప్యాచ్

2019లో భద్రాచలంలోని మా ఇంటి ముందు గదిలో ఒకే ఒక్క కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ ఉండేది. పర్ణశాల వెళ్లే భక్తులకూ, భజన మండళ్లకూ కండువాల మీద పేర్లు కుట్టేదాన్ని. నేను బడికి పోలేదు. అక్షరాలు నాన్న, కుట్లు అమ్మ ఇంట్లోనే నేర్పారు. వాళ్ల దయవల్లే తర్వాత డిజిటైజింగ్ కూడా పట్టుబడింది. అంటే, బొమ్మలో ఏ గీత మీద దారం ఎటు నడవాలో, ఎక్కడ తెగాలో మిషన్‌కు చెప్పే ఫైల్ తయారుచేయడం.

మా వీధిలో భజన మండలి నడిపే సరోజన కోసం కుట్టిన గుర్తును ఫొటో తీసి ఇంటర్నెట్‌లో పెట్టాను. అది చూసి స్వీడన్ నుంచి ఎరిక్ అనే అతను మెసేజ్ పంపాడు. ఫోన్‌లోనే తెలుగులోకి మార్చుకుని చదివాను, జవాబులూ అలాగే రాసేదాన్ని. అతనూ ఒక స్నేహితుడూ తాముండే భవనం నేలమాళిగలో మెటల్ బ్యాండు పెట్టుకున్నారు. మెటల్ అంటే గిటార్లు రంపంలా కోస్తుంటే గొంతు చించుకుని పాడే సంగీతం. డ్రమ్ములు వాయించే మనిషి కూడా దొరక్క డ్రమ్ మిషన్ అనే పెట్టెలోంచి వచ్చే మోతతోనే నడిపిస్తున్నారట. ఆ పాటలు రేడియోలో రావు. అభిమానులు జీన్ కోటు మీద బ్యాండు పేరున్న ప్యాచ్, అంటే కుట్టుపని చేసిన గుడ్డబిళ్ల, వేసుకుని ఒకరినొకరు గుర్తుపడతారు. కొద్ది ప్యాచ్‌లకు పెద్ద ఫ్యాక్టరీలు ఒప్పుకోవు. నేను ఒప్పుకున్నాను.

ఎరిక్ గీసి పంపిన పేరు చూస్తే చెట్టు వేర్లు పెరికి పడేసినట్టుంది. ఏ అక్షరం ఎక్కడుందని అడిగితే, ఒక్కోదానికి ఒక్కో రంగు వేసి ఓపికగా మళ్లీ పంపాడు. ‘గడ్డకట్టిన నేల’ అని దాని అర్థమట.

బ్లౌజు కోసం వచ్చిన సరోజన మిషన్ మీదికి వంగి చూసింది.

“ఏంది వదినా గిది? రాములోరి కండువాలు కుట్టే మిషన్ మీద దయ్యాల ఎంటికలా?”

“దయ్యాలు గాదు, వేర్లు. పాటగాళ్ల పేరది.”

“పాటనా? ఏదీ, ఇనిపియ్యి.”

ఫోన్‌లో పెట్టాను. చెవులు మూసుకుంది. “అమ్మో! గీయనకు పన్ను నొస్తున్నట్టుంది, జల్దీ దవాఖానకు పొమ్మను!”

నవ్వాను గానీ నాకూ చివరిదాకా వినబుద్ధి కాలేదు. దేవుణ్ని తిట్టే పాటలైతే కుట్టనని ఎరిక్‌కు రాశాను. “మావి చలికాలం గురించీ, ఎండిన అడవి గురించీ” అన్నాడు. నమ్మాను.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఏ డిజైన్‌దైనా మొదటి ముక్క అమ్మం. రాముడి పటం ముందు పెట్టి అక్కడే దాచుకుంటాం. ఆ వేర్ల పేరూ అక్కడికే చేరింది.

తర్వాత డ్రమ్ములకు మనిషి దొరికాడు. కొత్త గాయకుడు వచ్చాడు. ముందు సొంత ఊళ్లో చిన్న కచేరీ, పిదప పక్క దేశాల్లో. బ్యాండు మారినప్పుడల్లా ప్యాచ్ మారేది. ఒకసారి చుట్టూ కొమ్మలు, ఒకసారి ఎర్ర చంద్రుడు. నేనెన్నడూ చూడని మనుషుల ఎదుగుదల పటం పక్కన దొంతరగా పేరుకుంది. ఆ పనితోనే మా కడుపు నిండిన నెలలున్నాయి. దానికి ఇవాళ్టికీ దణ్ణం పెడతాను.

ఒక రికార్డు కంపెనీ వాళ్లను తీసుకుంది. కొత్త గాయకుడు రాశాడు: “పెద్ద ఆర్డర్ రాబోతోంది. అన్నీ సరిచూడాలి, ఫైళ్లు పంపండి.” సంతోషంగా పంపాను. ఆర్డర్ రాలేదు. కొన్ని నెలలకు వాళ్ల పేజీలో ఏదో ఫ్యాక్టరీలో కుట్టించిన ప్యాచ్ కనిపించింది. వేరు కొసన దారాన్ని ఒక కుట్టు వెనక్కి తిప్పి సన్నగా ముగించడం మా అమ్మ పద్ధతి. అది అలాగే ఉంది.

కోపంతో ఎరిక్‌కు రాశాను. జవాబు వచ్చింది: “నన్నూ బ్యాండులోంచి తీసేశారు. నేను గీసిన పేరు కూడా బ్యాండుదేనట. మొదటి ప్యాచ్‌లన్నీ కచేరీల్లో పంచేశాను. మీ దగ్గర ఒక్కటైనా ఉందా?”

మళ్లీ కుట్టి పంపొచ్చు. కానీ ఆ ఫైల్ తెరవడానికి మనసొప్పలేదు. పటం ముందున్నదే తీశాను. మా ఆయన అడ్డం వచ్చాడు.

“ముంచినోళ్లకే మళ్ల పంపుతవా?”

“ముంచింది ఈయన గాదు. ఈయన్ని గూడ ముంచిండ్రు.”

“దేవుని కాడ పెట్టింది గదనే!”

“అమ్ముతలేను గద, ఇస్తున్న.”

అందిందని ఎరిక్ రాశాడు. కోటుకు కుట్టుకోలేదట. ఆ పేరు నీకెక్కడిదని ఎవరైనా అంటారేమోనని పెట్టెలో దాచుకున్నాడట.

ప్యాచ్ ఇవ్వాలి గానీ ఫైల్ ఇవ్వకూడదని అప్పుడు నేర్చుకున్నాను. మొన్న సరోజన తన మండలి గుర్తు ఫైల్ అడిగితే కాదన్నాను. “నా మీద గూడ అనుమానమేనా వదినా?” అని బ్లౌజు తీసుకోకుండానే వెళ్లిపోయింది.

రోజూ దీపం పెట్టేటప్పుడు దొంతరలోని ఒక్కో ముక్కనూ తాకి, ఆ పని ఇచ్చినందుకు రాముడికి కృతజ్ఞత చెప్పుకుంటాను. ఎరిక్‌కు పంపిన వేర్ల ప్యాచ్ ఉండాల్సిన చోటికి వచ్చేసరికి కృతజ్ఞత చెప్పడం ఆపి, ముక్కలు సర్ది దీపం ఒత్తి ఎగదోస్తాను.