బర్రెలు ఈసుకపోయిన ఏడాది

మా కొట్టం కొత్తగూడలో రెండు అపార్ట్‌మెంట్ల ప్రహరీల మధ్య ఇరుక్కుని ఉండేది. ముందు ఇల్లు, వెనక రేకుల కొట్టం, అందులో ఏడు బర్రెలు. పొలాలన్నీ నేను పుట్టకముందే పోయాయి. పంపకాల్లో నాయిన వాటాకి వచ్చిన ఆ ముక్క మాత్రం మిగిలింది. పొద్దున్నే అన్న బండికి క్యాన్లు తగిలించుకుని చుట్టూ ఉన్న టవర్లలో పాలు పోసి వచ్చేవాడు. నేను మెళ్లో ఐడీ కార్డు వేసుకుని ఆఫీసుకి నడిచి పోయేదాన్ని. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా పని. నాయిన, అమ్మ, అన్న, వదిన, నేను. ఆ ఇంట్లో అందరం ఆ బర్రెల మధ్యనే తిరిగేవాళ్లం.

ఆ వానాకాలం ఒక పొద్దున నేను బయల్దేరుతుంటే కొట్టంలోంచి నాయిన కేకేశాడు.

"బిడ్డా, మీ వదినను పిలువు! గోనెసంచి తెమ్మను!"

వెళ్లి చూస్తే సూడి బర్రె పడుకుని మూలుగుతోంది. దుడ్డె ముందుకాళ్లు బయటికొచ్చి ఉన్నాయి. ఈనడానికి ఇంకా చాలా రోజులున్నాయి. అన్న పాలు పోయడానికి వెళ్లాడు, అమ్మకు మోకాళ్ల నొప్పి. వదిన శంకర్‌పల్లి దగ్గర పాడి ఉన్న ఇంట్లోనే పుట్టింది కనుక ఆమెకు ఇది కొత్త కాదు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నాయిన పక్కన కూర్చుంది. ఇద్దరూ కాళ్లు పట్టుకుని గుంజారు. వచ్చిన దుడ్డెలో ప్రాణం లేదు.

"ఈసుకపోయింది," అన్నాడు నాయిన. నెలలు నిండకుండానే పశువు కడుపు పోతే మావైపు అనే మాట అదే.

సాయంత్రం దాకా మాయ పడలేదు. చివరికి నాయిన మోచేతి దాకా చెయ్యి పెట్టి తీశాడు. నల్లా కింద సబ్బుతో కడుక్కుని చాయ్ తాగాడు. దుడ్డెను వదినే గోనెసంచిలో చుట్టి ప్రహరీ మూల దాకా మోసుకెళ్లింది. అప్పుడామెకు నాలుగో నెల.

కొన్ని వారాల తర్వాత వదినకు జ్వరం మొదలైంది. ఒళ్లంతా నొప్పులు, సాయంత్రమైతే చలి. వీధి చివర క్లినిక్‌లో వైరల్ అన్నారు. మాత్రలు వేసుకుంటే తగ్గేది, మానేస్తే వచ్చేది. ఒక మధ్యాహ్నం ఆమె నా ఆఫీసుకి ఫోన్ చేసింది. "జర తొందరగ రా" అంది, అంతే. నేను వచ్చేసరికే అమ్మ ఆమెను ఆటో ఎక్కిస్తోంది. కొండాపూర్‌లో దవాఖానకు తీసుకుపోయాం. బిడ్డ దక్కలేదు.

ఇంటికి తెచ్చిన రోజున అమ్మ ఆమెకు అన్నం పెడుతూ అంది: "బరువులెత్తకు, ఎత్తకు అని ఎన్నిమార్ల చెప్పిన? చెవిన పెట్టినవా?"

వదిన కంచం వైపు చూస్తూ కలుపుకుంది, తినలేదు. చూడటానికి వచ్చిన చుట్టాలందరికీ అమ్మ అదే మాట చెప్పింది. ఆ మాట విన్న ప్రతి ఆడమనిషీ వదిన వైపు ఒకసారి చూసి తల ఊపేది. వదిన తల్లిగారింటికి పోయి దసరా దాటాక వచ్చింది. వచ్చినప్పటినుంచీ చీపురు దగ్గరనుంచి బిందె దాకా ఏది ఎత్తినా ముందు అమ్మ ఎక్కడుందో చూసుకునేది.

చలి ముదిరేసరికి నాయిన జ్వరంతో మంచాన పడ్డాడు. పొద్దున బాగానే ఉండేవాడు. ఎండ వాలితే ఒళ్లు కాలిపోయేది. తర్వాత చెమట పట్టి పక్కబట్టలన్నీ తడిసేవి. ముందు టైఫాయిడ్ అన్నారు. ఆ మందులయ్యాక నడుము పట్టేసింది. కూర్చుంటే లేవలేడు, లేస్తే వంగలేడు. ఏసీ దవాఖానలో పెద్ద మిషన్‌లో పడుకోబెట్టి ఫొటోలు తీశారు. వెన్నుపూస ఒకదాన్ని ఏదో తినేసినట్టు ఉంది, టీబీ కావచ్చు అని మాత్రలు మొదలుపెట్టారు. కొంచెం తగ్గినట్టే ఉండేది, మళ్లీ జ్వరం వచ్చేది. మీరు చేసే పనేంటని అక్కడెవరూ అడగలేదు. బర్రెల సంగతి చెప్పాలని మాకూ తోచలేదు.

ఆ చలికాలంలోనే ఇంకో బర్రె ఈసుకపోయింది. అన్న పశువుల దవాఖానకు పోయి డాక్టర్‌కి చెప్పాడు. ఆయన ఇంకొకరికి కబురు పెట్టాడు. రెండు రోజులకు ఒకామె మా గేటు ముందు కారు దిగింది. పశువుల డాక్టరే, కానీ వైద్యం కంటే పరిశోధన ఎక్కువ చేస్తుందట. నగరంలో ఇళ్ల మధ్య ఉన్న కొట్టాల్లో పశువులనుంచి మనుషులకు ఏ జబ్బులు పాకుతున్నాయో చూడటం ఆమె పని. గోదావరి వైపు మనిషి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, మోచేతులు దాటిన గ్లోవ్స్, ముక్కుకి మాస్క్. ఆ వేషం చూసి అమ్మ నవ్వింది కూడా.

కొట్టంలోకి పోబోతూ ఆమె ఎండలో మంచం మీద ఉన్న నాయినను చూసి ఆగింది.

"బాబాయ్‌గారికి ఒంట్లో బాగోలేదాండీ?"

"జ్వరం, డాక్టరమ్మా. తగ్గుతలేదు," అంది అమ్మ.

"సాయంత్రాలే వస్తుందా? చెమటలు పట్టి దిగిపోతుందా? నడుము నొప్పుందా అండీ?"

నాయిన మోచేతుల మీద లేవబోయాడు. "ఉన్నది. నీకెట్ల తెలిసింది?"

"పశువులు ఈసుకుపోయే రోగం మనుషులకి వస్తే ఇలాగే ఉంటుందండి. బ్రూసెల్లా అని ఒక పురుగు. కంటికి కనపడదు. ఈసుకుపోయిన దూడలోనూ మాయలోనూ బోలెడంత ఉంటుంది. చేతికి చిన్న గీత ఉన్నా చాలు. ఆ మాయ మీరే తీశారా?"

"ఇంకెవరు తీస్తరమ్మా?"

ఆమె బర్రెలన్నిటి దగ్గరా రక్తం, పాలు తీసుకుంది. మనుషుల డాక్టర్‌కి ఏ పరీక్ష చేయించాలో నాకు చెప్పింది. తర్వాతి వారం లంచ్ టైమ్‌లో నేను ఆమె ల్యాబ్‌కి వెళ్లాను. తెల్ల పలక మీద ఒక్కో బర్రె రక్తంలోని పలచటి నీరు చుక్క వేసి, పక్కనే గులాబీ రంగు చుక్క వేసి, పుల్లతో కలిపి చూపించింది. కొన్ని అలాగే నునుపుగా ఉన్నాయి. మూడు మాత్రం విరిగిన పాలలాగా గింజలు కట్టాయి, రోగమున్నట్టు గుర్తు అదేనట. ఆ మూడూ ఏ బర్రెలవో నంబర్లు చూడకుండానే నాకు తెలిసినట్టనిపించింది.

నాయినకూ అదే తేలింది. టీబీ మాత్రలు ఆపి వేరే మందులు రాశారు. నెలన్నర మాత్రలు, సూదులు.

డాక్టరమ్మ ఫలితాలు చెప్పడానికి ఇంటికి వచ్చిన రోజు వదిన వంటింటి తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. చివరికి అడిగింది.

"డాక్టరమ్మా, ఆ దుడ్డెను నేను గూడ పట్టిన. నేనే మోసిన."

"నీకూ జ్వరం వచ్చిందా అమ్మా?"

"వచ్చింది. గప్పుడు నాకు నాలుగో నెల."

వదిన రక్తం కూడా పంపారు. అందులోనూ ఉంది. అది చెప్పడానికి మళ్లీ వచ్చినప్పుడు వదిన ఒక్కటే అడిగింది.

"దానివల్లనేనా బిడ్డ పోయింది?"

"అయ్యుండొచ్చమ్మా. అదే అని మాత్రం చెప్పలేను. అప్పుడు ఎవరూ పరీక్ష చేసి చూడలేదు కదా."

అమ్మ అక్కడే చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. వాటిని కింద పెట్టి లోపలికి పోయింది. డాక్టరమ్మ వెళ్లేదాకా బయటికి రాలేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర నాయిన అన్నాడు: "మనం పాలు పోసినోళ్లకు చెప్పాలె."

"చెప్తే రేపటి సంది ఎవడు తీసుకుంటడు?" అన్నాడు అన్న.

"కాసుకుని తాగితె ఏం గాదని డాక్టరమ్మ చెప్పె గద. గదే చెప్పు."

ఆదివారం అన్నతో నేనూ వెళ్లాను. ఎక్కువమంది మర్యాదగానే విన్నారు, మంచిదమ్మా అన్నారు, ఇక పాలు వద్దన్నారు. ఒక ఫ్లాట్‌లో మాత్రం నా వయసాయన తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"మేం కాచమండీ. కాస్తే బలం పోతుందని వీడియోలో చూశాం. పాపకి పచ్చివే పడుతున్నాం."

వెనకనుంచి ఆయన భార్య పాపను ఎత్తుకుని వచ్చింది. విషయం అర్థమయ్యాక ఆమె అరవలేదు. పాప నుదుటి మీద చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. అరిచింది ఆయన. పాపకు ఏమీ అంటలేదని పరీక్షలో తర్వాత తెలిసింది. కానీ ఆ సాయంత్రానికే అన్న బండితో ఉన్న ఫొటో అన్ని టవర్ల గ్రూపుల్లోకీ ఎక్కింది. వారం తిరక్కముందే సెక్యూరిటీవాళ్లు గేటు దగ్గరే ఆపేశారు.

మూడు బర్రెల సంగతి మిగిలింది. వాటికి మందు లేదంది డాక్టరమ్మ. టీకా ఉంది గానీ అది పాలు మరిచిన ఆడదూడలకే, ఇంత పెద్దవాటికి పనికిరాదట. "వేరే డెయిరీకి మాత్రం అమ్మకండి బాబాయ్‌గారూ" అని రెండుసార్లు చెప్పింది.

అన్న ఎవరికీ చెప్పకుండా ప్రగతి నగర్ చెరువు వైపు పాడి చేసుకునే ఒకాయనను తీసుకొచ్చాడు. ఆయన పొదుగులు పట్టి చూస్తుంటే నాయిన గోడ పట్టుకుని మెల్లగా కొట్టంలోకి వచ్చాడు.

"రోగమున్నది వాటికి," అన్నాడు.

"ఏం రోగం? ఈసుకపోవుడా? గది అందరి కాడ ఉంటది పెద్దాయనా. జర తగ్గించి ఇయ్యి."

"మీ ఇంట్ల పెండ ఎవరు తీస్తరు?"

"మా కోడలు తీస్తది. ఎందుకు?"

"అయితే ఇయ్య," అన్నాడు నాయిన. "పో ఇగ."

అన్న ఆ మనిషిని గేటు దాకా దింపి వచ్చి మొదటిసారి నాయిన మీదికి లేచాడు. "నీకు మంది మీదున్న ఫికర్ ఇంట్లోళ్ల మీద లేదు! పాలు బంద్ అయినయి. ఇవి గూడ పోతె నేనేం జెయ్యాలె?" నాయిన గడ్డి పరకలు ఏరి తొట్లో వేస్తూ నిలబడ్డాడు, వంగలేడు కాబట్టి చేతికి అందినవే వేశాడు.

డాక్టరమ్మే మాట్లాడి, పరీక్షలు చేసి కోసే కబేలాకు పంపే ఏర్పాటు చేసింది. వ్యాను వచ్చిన పొద్దున నేను సెలవు పెట్టాను. రెండు ఎక్కాయి. వానాకాలంలో ఈసుకపోయిన బర్రె మాత్రం వ్యాను పలక మీద కాలు పెట్టి వెనక్కి తీసేది. డ్రైవర్ కర్ర ఎత్తబోతే నాయిన వద్దన్నాడు. చేటలో తవుడు పట్టుకుని ముందు నడిచాడు, అది వాసన చూసుకుంటూ వెనకే ఎక్కింది. వ్యాను తలుపు వేశాక ఆయన చేట చేతిలో పట్టుకునే రోడ్డు మీద ఆఫీసు బస్సుల మధ్య నిలబడిపోయాడు. హారన్లు కొడుతుంటే నేను చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాను.

మిగిలినవాటికి కొన్ని నెలలకు మళ్లీ పరీక్ష చేస్తే ఇంకోటి తేలింది. అదీ పోయింది. తర్వాత తక్కినవాటిని ఉంచుకోవాలన్న ఓపిక ఇంట్లో ఎవరికీ లేక అవీ కబేలాకే పోయాయి. కొట్టం నేల కడిగి, సున్నం చల్లి, చాలా రోజులు ఖాళీగా ఉంచాం. ఇప్పుడు పక్క హాస్టల్ పిల్లలు అక్కడ బండ్లు పెట్టుకుంటారు. అన్న క్యాబ్ నడుపుతున్నాడు. వదినతో మియాపూర్‌లో కిరాయి ఇంట్లో ఉంటాడు. నాయినతో అవసరమైన మాటలే మాట్లాడతాడు.

వాళ్లు ఇల్లు మారాక అమ్మ ఒకరోజు నన్ను పక్కకు పిలిచింది. "నువ్వు జర చెప్పరాదే మీ వదినకు. నాకు తెల్వక గా మాట అన్న అని."

"నువ్వే చెప్పమ్మా."

"నాకు నోరొస్తలేదు."

నేను మియాపూర్ పోయినప్పుడు చెప్పాను. వదిన బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. మందులతో ఆమెకు జ్వరం, నొప్పులు పోయాయి. ముఖం తేరుకుంది. విని అంది: "డాక్టరమ్మ అయ్యుండొచ్చు అన్నది. అయ్యుండకపోవచ్చు గూడ గద. బరువు ఎత్తిన మాట నిజమే."

"అది కాదు వదినా..."

"తెలుస్తలేదు. ఎవరికి గూడ తెలుస్తలేదు," అంది. బకెట్‌లో మిగిలిన బట్టలు నేను అందిస్తే ఆరేసింది. పిల్లల మాట నేను ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

నాయినకు జ్వరం పోయింది గానీ నడుము నిలవలేదు. కొంచెం ముందుకు వంగి, ఏదో వెతుక్కుంటున్నట్టు నడుస్తాడు. పోయిన వేసవిలో డాక్టరమ్మ ఆయనను అడిగింది, మిగతా కొట్టాలవాళ్లు నన్ను లోపలికి రానివ్వడం లేదు, మీరొకసారి నాతో వస్తారా అని. ఒప్పుకున్నాడు. ముందు సీటు వెనక్కి వాల్చి కూర్చోబెట్టి తీసుకుపోయింది. నేనూ వెళ్లాను.

మొదటి చోట గేటు కూడా తీయలేదు. "నీవి పోయినయని మావి గూడ పోగొడ్తవా?" అన్నాడు లోపల్నుంచి ఒకాయన. ఇద్దరికీ పాత పరిచయమే, ఇద్దరూ కలిసి గడ్డి కొన్నవాళ్లే. నాయిన గేటు ముందు కొంచెంసేపు నిలబడి తిరిగి వచ్చి కారెక్కాడు. ఇంకో చోట ఒక ముసలామె సరే తీసుకోండి అంది. డాక్టరమ్మ రక్తం తీస్తుంటే నాయిన ఒక్కో బర్రె మూతి పట్టుకుని మాట్లాడుతూ నిలబెట్టాడు. అంత మెత్తగా ఆయన గొంతు నేను విని చాలా నెలలైంది.

తర్వాత ఆమె ఫోన్ చేసింది. ఆ కొట్టంలో కూడా ఉందని చెప్పింది. నాయిన ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకుని అడిగాడు, ఆ ముసలామె ఇంట్లో ఎవరికన్నా జ్వరమున్నదా అని.

ఉందంది డాక్టరమ్మ. ముసలామె మనవరాలికి, చాలా రోజులనుంచి.