పులికి బొట్టు

మొన్న ఆదివారం మనవరాలు నన్ను గుర్గావ్ అవతల పక్షుల నేషనల్ పార్కుకు తీసుకెళ్లింది. గేటు దగ్గర బోర్డుకు అప్పుడే రంగు వేసినట్టున్నారు. ఆ వాసన తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి.

"అమ్మమ్మా, చలో నా! టికెట్లు తీసేసుకున్నా."

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా అడవి గూడెం ముందు జంగ్లాతు వాళ్లు, అదే అడవి శాఖ వాళ్లు, ఇలాంటి బోర్డే పాతారు. పైన పులి బొమ్మ, కింద ఎర్రటి అక్షరాలు. మాలో చదువు వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. మమ్మల్ని కాయడానికి దేవుణ్ణి నిలబెట్టారనుకున్నాను. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తుడిచి, ఒక్కో అక్షరం మీదా వేలు నడిపి, పులి నుదుట కుంకుమ పెట్టేదాన్ని.

ఒకరోజు గార్డు చూసి నవ్వాడు. "ఏం పిల్లా, పులికి పెళ్లి చేస్తున్నావా?"

"మా ఇళ్లను సల్లగ సూడమని మొక్కుతున్న సారూ."

అతను నవ్వు ఆపేసి అటు తిరిగిపోయాడు.

ఎండాకాలంలో లారీలొచ్చాయి. మమ్మల్ని తీసుకెళ్లి రోడ్డు పక్క రేకుల ఇళ్ల ముందు దించారు. మా నాయన మళ్లీ తేనెకు చెట్టెక్కలేదు.

నాకు యాభై దాటాక నా కూతురు నాతో పలక మీద అక్షరాలు దిద్దించింది. కొన్నింటి దారి నా వేలికి ముందే తెలుసు. చిన్నప్పుడు తుడిచిన గీతలు ఒక్కొక్కటే పక్కపక్కన చేరాయి. 'ఇది పులుల అడవి, మనుషులు ఉండరాదు.' నేను మొట్టమొదట చదివిన వాక్యం అది.

పులులు బతకాలి, కాదనను. కానీ ఆ మాటకు రోజూ బొట్టు పెట్టింది నేనే.