ఇరవై మూడో నంబరు హాజరు

దయ్యాలనీ మాయలనీ నేనెప్పుడూ నమ్మలేదు. ఎవరైనా అలాంటివి చెబితే ఏ రోజు, ఎవరు చూశారు అని అడిగేవాణ్ణి. ఇది కూడా ఆనాటి డైరీ పక్కన పెట్టుకునే రాస్తున్నాను.

పంతొమ్మిది వందల ముప్ఫైల చివర్లో నేనూ ఖాదరూ ఏలూరు నుంచి రోజూ పాసింజరు రైల్లో బెజవాడ కాలేజీకి వెళ్ళేవాళ్ళం. ఖాదరు వాళ్ళు తివాచీలు నేసేవారు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాడు అతనొక్కడే.

చరిత్ర చెప్పే శేషాచలంగారు గంట కొట్టగానే తలుపు మూసేవారు. నోట్సులో తప్పు రాస్తే చెరపనిచ్చేవారు కాదు. ఒక గీత కొట్టి పక్కన ఒప్పు రాయాలి. తప్పు ఎక్కడ చేశామో కనిపించాలి అనేవారు. తాను బోర్డు మీద తప్పు రాసినా అంతే. హాజరు తగ్గినవాణ్ణి పరీక్షకు పంపేవారు కాదు.

ఆ ఏడాది జ్వరం వల్ల ఖాదరుకి చరిత్రలో హాజరు బాగా తగ్గింది. ఇంకొక్క క్లాసు పోతే పరీక్ష లేదు. సరిగ్గా అప్పుడే, కొల్లేటి లంకలో ఉన్న వాళ్ళక్కకి జబ్బుగా ఉందని కబురొచ్చింది.

"సోమవారం క్లాసుకి వచ్చేస్తాన్రా. పడవ దొరక్కపోతే నా నంబరుకి నువ్వు పలుకు" అన్నాడు.

"పట్టుబడితే ఇద్దరం ఇంటికేరా."

"మా ఇంట్లో మగ్గం ఇంకోటి ఖాళీగా ఉందిలే."

ఒప్పుకున్నాను.

సోమవారం గాలివాన. ఖాదరు రైలుకి రాలేదు. క్లాసులో నా ఎడమ పక్క అతని చోటు ఖాళీ. మాస్టారు తళ్ళికోట యుద్ధం చెబుతూ 1556 అని రాశారు. వెంటనే గీత కొట్టి 1565 అని దిద్దారు. చివర్లో రిజిస్టరు తీశారు.

"ఇరవై మూడు."

నేను పలకబోయి ఆగాను. మాస్టారి కలం ఆగింది.

"ప్రెజెంట్ సర్."

ఖాదరు గొంతు. నా ఎడమ భుజం పక్క నుంచే. మాస్టారు తలెత్తకుండా టిక్కు పెట్టారు. నేను తిరిగి చూశాను. బెంచీ ఖాళీ.

వెనక బెంచీ రంగారావు ముందుకు వంగి, "అచ్చం వాడి గొంతేరా, ఎప్పుడు నేర్చావు?" అన్నాడు. నేను కాదంటే నవ్వాడు.

ఖాదరు మంగళవారం రాత్రికి గాని ఏలూరు చేరలేదు. బుధవారం రైల్లో నా నోట్సు ఎక్కించుకోవడానికి తన పుస్తకం తెరిచాడు. ఆ పుస్తకం అన్ని రోజులూ అతని సంచిలోనే ఉంది. సోమవారం పాఠం అప్పటికే అందులో ఉంది. అతని చేతిరాతే. 1556 మీద గీత, పక్కన 1565.

"నేను అక్క మంచం పక్కనే ఉన్నాన్రా" అన్నాడు.

దాచడం తన వల్ల కాదని, నేరుగా మాస్టారి గదికి వెళ్ళాడు. వెనకే నేనూ వెళ్ళాను.

"సోమవారం నేను క్లాసుకి రాలేదండీ."

జరిగిందంతా విన్నారు. ఖాదరు చూపించిన పేజీ మీద వేలు పెట్టి చూశారు. తర్వాత రిజిస్టరు తెరిచి, కలం సోమవారం టిక్కు మీదికి తెచ్చి ఆపారు. పరీక్ష పోయిందనే అనుకున్నాం.

"గీత కొట్టాలంటే ఏది తప్పో నాకు తెలియాలి కదయ్యా" అని రిజిస్టరు మూసేశారు.

ఖాదరు పరీక్ష రాశాడు, ప్యాసయ్యాడు.

నా డైరీలో ఆ సోమవారం 'ఖాదరు రాలేదు' అని రాసుకున్నాను. బుధవారం దాని మీద గీత కొట్టాను. పక్కన ఒప్పు రాయడానికి చోటు వదిలాను. ఆ చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.