ఊడ్చేసిన రాళ్ళు

మా ఎదురింటావిడ పోయింది. మంగళవారం పొద్దున వాళ్ళబ్బాయి ఫోన్ చేసి, రాత్రి అమ్మ పోయింది, రేపే మట్టి అన్నాడు. పెట్టేసే ముందు ఒక మాట కలిపాడు: "పూలు తేవద్దు. నీకు తెలుసుగా."

తెలుసు. ఎలా తెలిసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు చల్లని తల్లి, వెన్నలాంటి మనసు అని రాయడం మనకు అలవాటు. ఈవిడ విషయంలో అది పచ్చి అబద్ధం. ఆవిడ నోట్లోంచి మెత్తని మాట రాగా నేను వినలేదు. కేంబ్రిడ్జ్‌లో మేం ఇల్లు కొన్న మొదటి శీతాకాలం, నేను మంచు తీస్తుంటే కిటికీ తెరిచి, పని చేతకాకపోతే ఒప్పుకోవాలి గానీ ఇలా నటించకూడదంది.

మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న రోజులవి. మా బేస్‌మెంట్‌లో నలుగురు స్టూడెంట్లు ఉండేవారు. వీధి చివరి పెద్దమనిషి ఒకాయన, ఏ ఇంట్లో ఎంతమంది ఉంటున్నారో రాసుకుని కంప్లైంట్ పెడదామని సంతకాలకు బయల్దేరాడు. ఆవిడ కాగితం చదివి వెనక్కిచ్చింది. "ఇంటింటికీ తిరిగి మా యూదుల తలలు లెక్కపెట్టేవాళ్ళని నేను ఐదేళ్ళప్పుడే చూశాను. మెట్లు దిగు." ఆ వెంటనే రోడ్డు దాటి వచ్చి, చెత్తడబ్బా మూత పెట్టనందుకు మా పిల్లల్ని అరగంట తిట్టింది.

ఊరి శివార్లో యూదుల సమాధుల తోట ఒకటుంది. చిన్నది. తాళంచెవి ఆవిడ దగ్గరే ఉండేది. ఒక ఆదివారం పొద్దున చూస్తే గేటు విరిగి ఉంది, నేలమీది రాతిపలకల మీద ఎర్ర రంగుతో నాజీల స్వస్తికలు. ఆవిడ భర్త పలక మీద అన్నిటికంటే పెద్దది.

అక్కడి కుటుంబాల్లో వాదన మొదలైంది. పిల్లలు చూడకముందే కడిగేయాలని కొందరు, ఊరంతా చూసి సిగ్గుపడేదాకా ఉంచాలని కొందరు. అడగనివాళ్ళకి కూడా వ్యాసాలు రాసి అభిప్రాయం చెప్పే మనిషిని నేను, ఉంచాలన్నాను. ఆవిడ నావైపు తిరిగింది. "అది నా మొగుడి సమాధి. నీ వ్యాసానికి బొమ్మ కాదు."

అప్పటికే ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టేశాను.

కింద మనవాళ్ళ కామెంట్లు చదవాల్సింది. హిట్లర్‌లో డిసిప్లిన్ ఉందని ఒకడు. అది మన పవిత్ర చిహ్నం కదా, వాళ్ళకెందుకు బాధ అని ఇంకొకడు. పెళ్ళిపత్రిక మీద గీసేదీ, చచ్చినవాడి గుండె మీద గీసేదీ ఒకటేననేవాడు ఆ మాట అనేది తెలివి తక్కువై కాదు, సిగ్గు తక్కువై. మా వైపువాళ్ళు, అభ్యుదయవాదులు, తక్కువ తినలేదు. ముందు యూదుల దేశం అక్కడ చేస్తున్న యుద్ధం గురించి రాసి తర్వాత ఇది రాయమన్నారు. ఆ యుద్ధం గురించి నేను రాస్తూనే ఉన్నాను. ముప్పై ఏళ్ళ కిందట ఈ ఊళ్ళో పోయిన దర్జీ, ఆవిడ భర్త, దానికేం సంజాయిషీ చెప్పాలి? సిటీ కౌన్సిల్‌వాళ్ళు వచ్చి, మా ఊరు ఇలాంటిది కాదని చెప్పి వెళ్ళారు. మరి ఆ రంగుడబ్బా ఏ ఊరి నుంచి నడిచొచ్చిందట?

ఆ కోపంలో, ఆవిడకు చెప్పకుండా, మా స్టూడెంట్లని కార్లో ఎక్కించుకుని శుభ్రం చేయడానికి వెళ్ళాను. మా కోస్తాలో క్రైస్తవులం సమాధుల పండగకి చేసే పద్ధతే నాకు తెలుసు. సమాధి మీదున్నదంతా తీసేసి, కడిగి, పూలు పెడతాం. పలకల నిండా గులకరాళ్ళున్నాయి. ఆ వెధవలే విసిరి ఉంటారనుకున్నాను. అన్నీ బకెట్లోకి ఊడ్చేయమన్నాను.

హుజూరాబాద్ అమ్మాయి ఒకతి ఆగింది. "ఆంటీ, ఈ రాళ్ళ కింద రంగు పడలే, చూడుర్రి. ఇవి ముందుగాలనే ఉన్నట్టున్నయ్."

చూడలేదు. తొందరగా కానివ్వమన్నాను. పలకకో చామంతి కట్ట పెట్టాం.

ఆవిడ వచ్చింది. పూలు చూసింది, బకెట్ చూసింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"వాళ్ళు రంగు పూశారు. నువ్వు, వీళ్ళని చూడ్డానికి వచ్చినవాళ్ళందర్నీ ఊడ్చేశావు."

చూడవచ్చినవాళ్ళు పూలు పెట్టరట, ఒక రాయి పెట్టి వెళ్తారట. ఒక్కో రాయీ ఒక్కో మనిషి రాక. ఆ తోటకి నలభై ఏళ్ళుగా వచ్చినవాళ్ళ రాకలు నా బకెట్లో కలగలిసిపోయాయి.

మడతకుర్చీ వేసుకుని కూర్చుని నాచేత ఒక్కొక్కటీ తీయించింది. కొడుకు వాంకూవర్ సముద్రపొడ్డు నుంచి తెచ్చిన ఆకుపచ్చ గాజుముక్కని గుర్తుపట్టింది. ఇంకో ఏడెనిమిది గుర్తుపట్టింది. మిగతావి తలా ఒకటి పెట్టేస్తానన్నాను. "ఎవరిదో తెలియకుండా పెడితే అబద్ధం. చచ్చినవాళ్ళతో నేను అబద్ధమాడను." బకెట్ కుళాయి పక్కనే ఉండిపోయింది.

తర్వాత మెత్తటి బ్రష్ చేతికిచ్చింది. గట్టిగా తోమితే రాయి అరుగుతుందట, రంగు మిగులుతుందట. "కోపంగా ఉందా? మోకాళ్ళ మీద కూర్చో." మూడు ఆదివారాలు కూర్చున్నాను. బాగా చేశావని ఒక్కసారీ అనలేదు. క్షమించాననీ అనలేదు. నేను అడగలేదు. అడిగితే ఏమనేదో నాకు తెలుసు.

బుధవారం అందరితో పాటు నేనూ పారతో మట్టి వేశాను. ఆవిడకి పలక వేయడానికి ఇంకో ఏడాది పడుతుందట. అందుకని మా వాకిట్లోంచి తెచ్చుకున్న రాయిని పక్కనే ఉన్న భర్త పలక మీద పెట్టాను. బకెట్లోది మాత్రం ముట్టలేదు.

పది రోజులు కాలేదు, మళ్ళీ వచ్చారు. అదే ఎరుపు, అదే గుర్తు, అదే పలక. ఈసారి పక్కనున్న పచ్చిమట్టి మీద కూడా కొట్టారు. వాళ్ళబ్బాయి ఫోన్ చేస్తే బ్రష్ పట్టుకుని వెళ్ళాను. ఫోటో తీయలేదు.

మోకాళ్ళ మీద కూర్చున్నాను. నా రాయి పైనంతా ఎర్రగా ఉంది. ఎత్తి చూశాను. దాని కింద, రేగిపండంత మేర, పలకకి రంగు అంటలేదు.

రాయిని మళ్ళీ అక్కడే పెట్టి, చుట్టూ మెల్లగా తోమడం మొదలుపెట్టాను.